తుప్పుతో బేరం



డిసెంబరు దగ్గర పడుతుంటే విశాఖపట్నంలో ఒక మాట తిరుగుతుంటుంది: నేవీ వాళ్ళు ఓడలు చూపిస్తున్నారట, పిల్లల్ని తీసుకెళ్దామా అని. 1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవు మీద దెబ్బ తీశాయి. ఆ రోజునే మనం నౌకాదళ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ సందర్భంగా బడిపిల్లలకూ మామూలు జనానికీ కొన్ని యుద్ధనౌకలు ఎక్కి చూసే వీలు దొరుకుతుంది. వరసలో నిలబడి, తనిఖీలు దాటుకుని, గ్యాంగ్‌వే మీదుగా డెక్కు ఎక్కుతారు. ముందు ఫిరంగి, వెనక హెలికాప్టర్ దిగే జాగా, మధ్యలో క్షిపణుల గొట్టాలు. ఒక బల్ల మీద తుపాకులు పేర్చి ఉంటాయి, దాని వెనక తెల్ల యూనిఫారంలో ఒక కుర్ర నావికుడు అడిగినవాళ్ళకల్లా ఓపిగ్గా జవాబు చెబుతుంటాడు. కాసేపటికే మళ్ళీ కిందికి. చూసొచ్చిన పిల్లల కళ్ళల్లో మెరుపు ఉంటుంది, కాదనను. ఏం చూశారని అడిగితే మాత్రం రెండు చేతులూ చాపి ఇంత పెద్ద గన్ను అంటారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కొలువులో ఉన్న ఓడ బయటివాళ్ళకు చూపించగలిగింది అంతవరకే. రాడార్ తెరలున్న గది చూపించకూడదు, అది రహస్యం. ఇంజన్ల గదికి దిగే నిచ్చెన నిటారుగా ఉంటుంది, వందల మందిని దింపడం కుదరదు. పడుకునే చోట్లు ఎవరో ఒకరు డ్యూటీ దిగి నిద్రపోతున్న చోట్లు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఆయుధం. అంటే ఓడలోకి వెళ్ళి కూడా మనం ఓడను బయటినుంచే చూసి వస్తున్నాం.

ఒక యుద్ధనౌకను జనానికి చూపించడమంటే అందులో మనుషులు ఎలా బతికారో, ఎలా పనిచేశారో చూపించడం అని నా అభిప్రాయం. ఆ పని రిటైరైన ఓడ మాత్రమే చేయగలదు, ఎందుకంటే దానికి దాచుకోవలసినది ఏమీ మిగలదు. అయితే రిటైరైన ఓడ నాలుగు కాలాల పాటు నిలబడాలంటే అది చిన్నదై ఉండాలి, నీళ్ళల్లోంచి బయటికి రావాలి. ఈ రెండో మాట విమానవాహక నౌకల అభిమానులకు రుచించదని తెలుసు. అయినా గత పాతికేళ్ళలో మన దేశంలో జరిగినది చూస్తే నాకు వేరే తీర్మానం కనబడటం లేదు.

మంచి ఉదాహరణ మన ఊళ్ళోనే, రామకృష్ణా బీచ్‌లో ఉంది. ముంత మసాలా బళ్ళకూ కెరటాలకూ మధ్య నల్లగా, పొడుగ్గా నిలబడి ఉండే కురుసుర. సోవియట్ యూనియన్‌లో కట్టిన ఈ సబ్‌మెరైన్ 1969 డిసెంబరులో రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్ళ కొలువులో 73,500 నాటికల్ మైళ్ళు నడిచింది, అంటే సుమారు 1,36,000 కిలోమీటర్లు, భూమిని మూడుసార్లు చుట్టి ఇంకా కొంత. 2001లో కొలువు ముగిసింది. తుక్కు కింద అమ్మేయకుండా దాన్ని సముద్రంలోంచి ఇసుక మీదికి లాక్కొచ్చి, కాంక్రీటు పునాది మీద నిలబెట్టారు. సుమారు ఐదున్నర కోట్ల రూపాయలు ఖర్చయింది. 2002 ఆగస్టు నుంచి జనం దాన్ని చూస్తున్నారు. పక్కన ద్వారం కోసి మెట్లు కట్టారు కాబట్టి నావికుల మాదిరి పైనున్న గుండ్రటి మూతలోంచి దిగే పని లేదు. ఒక కొస నుంచి లోపలికి వెళ్ళి, రెండో కొస నుంచి బయటికి రావడమే.

ఆ రెండు కొసల మధ్య దూరం తొంభై మీటర్ల చిల్లర. వెడల్పు ఎనిమిది మీటర్లకు లోపు, అదీ బయటి కొలత. యంత్రాలన్నీ పోను మనిషికి మిగిలే దారి భుజాల వెడల్పే. ఇందులో సుమారు 75 మంది ఉండేవారు. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. మొత్తం 22 టార్పెడోలు. మంచాలు ఆ టార్పెడోల పక్కన కూడా ఉంటాయి. ఒకడు లేచి డ్యూటీకి వెళ్తే ఆ వెచ్చదనం ఆరకముందే ఇంకొకడు అదే మంచం మీద వాలడం ఇలాంటి సబ్‌మెరైన్లలో మామూలు సంగతి. అరలన్నీ ఏడు, అరకూ అరకూ మధ్య గుండ్రటి ఇనప తలుపు. ఆ తలుపు దగ్గర ప్రతి మనిషీ తల వంచి, ఒక కాలు ఎత్తి అవతల పెట్టాలి, కలెక్టరైనా కాలేజీ కుర్రాడైనా. ఒక అరలోకి నీళ్ళొస్తే ఆ తలుపు బిగించేయాలి. బిగించినప్పుడు లోపల ఎవరున్నారన్న ప్రశ్న ఎవరూ చెప్పకుండానే మనసులోకి వస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే మూడు డీజిల్ ఇంజన్లు. డీజిల్ మండాలంటే గాలి కావాలి, నీటి అడుగున గాలి లేదు. కాబట్టి అడుగున బ్యాటరీల మీద నడవాలి. బ్యాటరీలు అయిపోవచ్చేసరికి తిమింగలం లాగా పైకి వచ్చి, గాలి గొట్టం బయట పెట్టి, ఇంజన్లు నడిపి మళ్ళీ చార్జి చేసుకోవాలి. శత్రువు కంటబడే ప్రమాదం ఆ వేళలోనే ఎక్కువ. ఇదంతా పుస్తకంలో చదివితే ఒక పేరా. ఇంజన్ల మధ్య ఇరుకు దారిలో నిలబడి వింటే, సబ్‌మెరైన్ అంటే దాక్కోగలిగిన ఓడ అన్న మాట సగమే నిజమని, అది ఊపిరి బిగబట్టిన ఓడ అని తెలుస్తుంది. డాక్‌యార్డులో డెక్కు మీద నిలబడి ఎన్ని క్షిపణి గొట్టాలు లెక్కపెట్టినా ఈ తెలివిడి రాదు.

ఇప్పుడు రెండో ఉదాహరణ. మన మొదటి విమానవాహక నౌక విక్రాంత్ 1961లో కొలువులో చేరింది. 1971లో బంగాళాఖాతంలో ఉండి, దాని మీది నుంచి లేచిన విమానాలే కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. 1997లో రిటైరైంది. అంతటి ఓడను మ్యూజియంగా ఉంచాలన్న కోరికను తప్పు పట్టే మనిషి ఉండడు. 2001 నుంచి ముంబయిలో దాన్ని ప్రదర్శనశాలగా నడిపారు కూడా. 2012లో సందర్శకులకు క్షేమం కాదని మూసేశారు. తరవాత వేలంలో 60 కోట్ల రూపాయలకు అమ్ముడైంది. కాపాడమని కోర్టుకు వెళ్ళినవాళ్ళ మాట సుప్రీంకోర్టులోనూ నిలవలేదు. 2014 చివర్లో ఓడను కోయడం మొదలైంది. ఆ ఇనుము కొంత కరిగించి మోటారుసైకిళ్ళలో కలిపారని, ఆ బళ్ళు బాగా అమ్ముడుపోయాయని కూడా చెప్పుకోవాలి. మ్యూజియంగా చూడటానికి దొరకని ఓడ పెట్రోలు ట్యాంకుగా ఇంటి ముందుకు వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి.

రెండు వందల మీటర్లు దాటిన విక్రాంత్ పోయింది, అందులో సగం కూడా లేని కురుసుర నిలిచింది. దీనికి ప్రభుత్వాల చిత్తశుద్ధిని కారణంగా చూపించడం తేలిక, కానీ అసలు కారణం రసాయనశాస్త్రంలో ఉంది. ఉప్పునీటిలో ఇనుము రాత్రింబగళ్ళు కరుగుతూనే ఉంటుంది. తిరిగే ఓడను కొన్నేళ్ళకొకసారి డ్రై డాక్ ఎక్కించి, అడుగు గీకి, పలచబడ్డ రేకులు మార్చి, రంగు వేసి దింపుతారు. మ్యూజియమైన ఓడకు ఇంజన్ నడవదు, సిబ్బంది ఉండరు, డాక్‌లో చోటు ఇవ్వాలంటే కొలువులో ఉన్న ఓడను పక్కన పెట్టాలి. అందుకని ఏడాదికేడాది వాయిదా పడుతుంది. తుప్పు మాత్రం వాయిదా వేయదు. డబ్బున్న దేశాలకూ ఈ బాధ తప్పలేదు. అమెరికాలో టెక్సస్ అనే యుద్ధనౌక 1948లోనే మ్యూజియమైంది. అడుగు చిల్లులు పడి, లోపలికి వచ్చే నీటిని పంపులతో తోడిపోస్తూ ఏళ్ళు నెట్టుకొచ్చారు. చివరికి 2022లో దాన్ని గాల్వెస్టన్ డ్రై డాక్‌కు చేర్చి భారీ మరమ్మతులు చేయవలసి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్లో బఫెలో రేవులో ద సల్లివన్స్ అనే మ్యూజియం నౌక నీళ్ళు చొరబడి, కట్టిన చోటనే ఒక పక్కకు ఒరిగి సగం మునిగింది. నిలకడగా ఉన్నవేవో చూడండి. బ్రిటన్ నౌకాధిపతి నెల్సన్ ఎక్కిన విక్టరీ 1922 నుంచి పోర్ట్స్‌మత్‌లో డ్రై డాక్‌లోనే ఉంది. సుషిమా యుద్ధం గెలిచిన జపాన్ నౌక మికాసాను యోకోసుకాలో కాంక్రీటులో పాతేశారు. జర్మనీలో లాబో ఊరి ఒడ్డున యూ-995 అనే సబ్‌మెరైన్ 1972 నుంచి అచ్చం మన కురుసుర లాగే ఇసుక మీద నిలబడి ఉంది. మన కార్వార్‌లోనూ చపల్ అనే చిన్న క్షిపణి పడవను ఒడ్డుకెక్కించే చూపిస్తున్నారు.

పెద్ద ఓడకు పెద్ద జనం వస్తారు, టికెట్లతో ఖర్చు తిరిగి రాదా అని అడిగేవారున్నారు. అమెరికాలోని శాన్‌డియేగోలో మిడ్‌వే అనే విమానవాహక నౌకను చూపిస్తారు. అది ఏటా పది లక్షలకు పైగా సందర్శకులతో కళకళలాడే మాట నిజం. అయితే అక్కడి టికెట్టు ధర మన దగ్గర పెడితే ఓడలోకి గాలి తప్ప ఎవరూ రారు. విరాట్ సంగతి తీసుకుని లెక్క వేద్దాం. 1987 నుంచి మన దగ్గర పనిచేసిన ఈ నౌక 2017లో రిటైరైంది. దాన్ని విశాఖకు తెచ్చుకోవాలని మన రాష్ట్ర ప్రభుత్వం అప్పట్లో ఆసక్తి చూపింది, ఖర్చులో కేంద్రం పాలు పంచుకోవాలంది, అది తేలలేదు. తరవాత 2018లో మహారాష్ట్ర ప్రభుత్వం సింధుదుర్గ్ తీరంలో మ్యూజియం, హోటలు వగైరాలతో 852 కోట్ల రూపాయల పథకానికి ఒప్పుకుంది. ఏటా పది లక్షల మంది వచ్చారనుకోండి, మనిషికి వంద రూపాయల టికెట్టు అనుకోండి. ఏడాదికి పది కోట్లు. రంగుల ఖర్చు, జీతాలు, కరెంటు ఏమీ లేవనుకున్నా పెట్టుబడి తిరిగి రావడానికి 85 ఏళ్ళు పడుతుంది. ఓడ అప్పటికే 1953 నుంచి నీళ్ళల్లో నానుతోంది. పథకం కాగితం దాటలేదు. 2020లో 38 కోట్ల చిల్లరకు అమ్మేస్తే, విరాట్ ఓడలు కోసే అలంగ్ ఒడ్డుకు చేరి ముక్కలైంది. ప్రభుత్వాల ఆసక్తి, ఎన్నో లేఖలు, ఒక కోర్టు కేసు కలిసి సాధించలేని పనిని, పద్దెనిమిదేళ్ళ ముందు ఐదున్నర కోట్లు విశాఖ ఒడ్డున సాధించాయి. అప్పటి ఐదున్నర కోట్లు ఇప్పుడు ఎక్కువే అవుతాయి, అయినా 852కి ఎక్కడ పోలిక?

దీనికి ఇంకొక జవాబు వస్తుంది, అది లెక్కలకు లొంగేది కాదు. విక్రాంత్ చరిత్ర, చరిత్రకు ధర కడతారా అంటారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ నౌకాదళం తన చరిత్రను ఎలా దాచుకుంటుందో చూడండి. దాని పద్ధతిలో ఇనుము పోతుంది, పేరు నిలుస్తుంది. 2022 సెప్టెంబరులో కొచ్చిలో కొలువులో చేరిన కొత్త నౌకకు విక్రాంత్ అనే పేరు పెట్టారు. కురుసుర తోబుట్టువులు కల్వరి, ఖండేరి, కరంజ్‌ల పేర్లు కూడా కొత్త సబ్‌మెరైన్లకు వచ్చాయి. తమాషా ఏమంటే ఆ నలుగురిలో కురుసుర పేరు ఒక్కటే ఆ కొత్త వరసలో లేదు. ఇనుము నిలిచిన చోట పేరుకు తొందర లేదేమో. వాడిన ప్రతి ఓడనూ దాచుకోవాలంటే ఏ దేశానికీ తీరం చాలదు. తాతగారి వస్తువుల్లో కళ్ళజోడు దాచుకుంటాం, ఇల్లు మొత్తం దాచుకోలేం.

యుద్ధయంత్రాన్ని పిల్లలకు చూపించడం యుద్ధం మీద మోజు పెంచడమే కదా అన్న అభ్యంతరం వీటన్నిటికంటే బరువైనది. బల్ల మీద తుపాకీ పెట్టి చూపిస్తే పెరుగుతుందేమో. అందుకే తుపాకీ కంటే మంచం చూపించాలంటున్నాను. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర మన ఖుక్రీ నౌకను పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ టార్పెడోతో ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన ఓడతోనే మునిగారు. ఆయనతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. దానికి కొన్ని రోజుల ముందు విశాఖ రేవు ముంగిట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ తొంభై మందికి పైగా మనుషులతో మునిగిపోయింది. కారణం మన డెప్త్‌చార్జీలని ఇటువైపు, తాను పరిచిన మందుపాతరలేనని అటువైపు ఇప్పటికీ వాదన నడుస్తోంది. ఆ హంగోర్ ఇవాళ కరాచీలో మ్యూజియమై, అక్కడి పిల్లలు చూస్తున్నారు. డయ్యూలో ఖుక్రీకి స్మారకం ఉంది, ఆ పేరే పెట్టుకుని రిటైరైన రెండో ఖుక్రీని కూడా అక్కడికే చేర్చారు. కరాచీలో విజయమని చెప్పేది డయ్యూలో శోకం. బోర్డుల మీద రాతలు మారతాయి. కురుసురలో వంగి నడిచిన మనిషికి హంగోర్‌లోనూ ఘాజీలోనూ ఉన్నది అదే ఇరుకు, అవే చాలీచాలని మంచాలు అని వేరే చెప్పనక్కర్లేదు. ఆ టార్పెడో గొట్టాల ముందు నిలబడినప్పుడు అవి పేల్చే వాళ్ళమూ మనమే కావచ్చు, అవతలి ఓడలో నిద్రపోతున్నవాళ్ళమూ మనమే కావచ్చు అన్న ఊహ ఒక్క క్షణమైనా రాకపోతే, ఆ మ్యూజియం తన పని చేయనట్టు.

నా వాదనలో లోటు లేదని అనను. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు కురుసుర లోపలికి వెళ్ళలేరు. విమానవాహక నౌకలో అయితే లిఫ్టులు పెట్టవచ్చు. ఇరుకే దాని పాఠం కాబట్టి ఆ గోడలు వెడల్పు చేయమనలేం. ఒడ్డుకెక్కితే తుప్పు ఆగిపోతుందన్న భ్రమ కూడా వద్దు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. షికాగో మ్యూజియం 1954 నుంచి ఆరుబయట ఉంచిన యూ-505 అనే జర్మన్ సబ్‌మెరైన్‌ను యాభై ఏళ్ళ తరవాత, శిథిలమైపోతోందని, నేల కింద హాలు కట్టి అందులోకి దించవలసి వచ్చింది. రేపు కురుసురకూ పైకప్పు కావలసి రావచ్చు. తేడా ఒక్కటే: ఒడ్డున ఉన్నదాని తుప్పు కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది, నిచ్చెన వేసుకుని గీకవచ్చు. నీళ్ళ కింద ఉన్నది మునిగే రోజు దాకా కనబడదు.

కాపాడలేని లోహం ఒక రకం నష్టం, మరో రకం నష్టం కూడా ఉంది, దాన్ని గురించి ఎవరూ కోర్టుకు వెళ్ళరు. కురుసురలో దారి చూపించేది రిటైరైన నౌకాదళం వాళ్ళు. ఈ మీట ఎందుకు, ఈ గంట ఎప్పుడు కొడతారు అని వాళ్ళు చెప్పే మాటలే ఆ ఇనుముకు ప్రాణం. ఈ తరగతి సబ్‌మెరైన్లలో మన నౌకాదళంలో ఆఖరిది వాగ్లీ. అది 2010 డిసెంబరులో రిటైరైంది. అంటే ఆ ఇంజన్లు స్వయంగా నడిపిన మనుషులు ఇంక కొత్తగా తయారు కారు. ఆనాడు పాతికేళ్ళున్న నావికుడికే ఇప్పుడు నలభై దాటింది; 1971లో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగిన వాళ్ళు డెబ్భైల్లో, ఎనభైల్లో ఉంటారు. రేకు పోతే రేకు మార్చవచ్చు. అరవై రోజులు స్నానం లేకుండా ఉంటే ఏ అరలో ఏ వాసన వేసేదో, మూడు డీజిళ్ళూ ఒక్కసారి ఆగినప్పుడు లోపల ఎంత నిశ్శబ్దంగా ఉండేదో చెప్పగలిగినవాళ్ళు పోతే, ఆడియో గైడులో మిగిలేది పొడవు, వెడల్పు, టార్పెడోల సంఖ్య. ఆ గొంతుల్ని వాళ్ళ వాళ్ళ భాషల్లో, తెలుగువాళ్ళవి తెలుగులో, ఆ అరల్లోనే కూర్చోబెట్టి రికార్డు చేయడానికి కోట్లు అక్కర్లేదు. ఒక మైకు, ఓపిక ఉన్న ఒక మనిషి, కొన్ని మధ్యాహ్నాలు చాలు, మ్యూజియానికి సెలవు ఉండే రోజున అయితే మరీ మంచిది.